పుట్టిల్లు చెప్పి అమ్మే మనిషి

బాలశౌరికి అనుమానం పుట్టుకతో వచ్చిందో, పాతసామాను వ్యాపారంతో వచ్చిందో ఆటోనగర్‌లో ఎవరూ తేల్చలేకపోయారు. ఆయన భార్య అమలమ్మ మాత్రం పుట్టుకేనని వాదించేది. "పెళ్లిచూపులకొచ్చి ఒక్కసారి నవ్వమన్నారు. సిగ్గుపడుతూనే నవ్వాను. తర్వాత తెలిసింది, ఆయన చూసింది నవ్వు కాదు, పళ్లు కట్టుడువేమోనని!" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేది. కొట్లో టీ గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూశాక గానీ ఆయన నోట పెట్టుకునేవాడు కాదు. గుణదల చర్చిలో పాపసంకీర్తనానికి మోకరించినప్పుడు కూడా, తెర అవతల ఫాదర్‌గారు కునుకు తీస్తున్నారేమోనని మధ్యలో ఆగి దగ్గేవాడు.

పామర్రు వైపు కూలి కుటుంబంలో పుట్టి, లారీ క్లీనరుగా బెజవాడ చేరి, గవర్నర్‌పేటలో ఒక మెకానిక్ దగ్గర చేతులకి నల్లమసి పట్టించుకుని, ఆటోనగర్ లేచినప్పుడు ఒక రేకుల షెడ్డు సంపాదించుకున్నాడు. పాత బండ్లు విప్పి ఆ సామాను అమ్మడం ఆయన పని. ఆ పనిలో ఆయన పెట్టుకున్న పద్ధతి మాత్రం ఆటోనగర్ మొత్తానికి వింత. ఏ సామానైనా పుట్టిల్లు చెప్పి అమ్మేవాడు.

"ఈ గేర్‌బాక్సు ఏలూరు డాక్టరుగారి అంబాసిడర్‌దండీ. డాక్టరుగారు నిదానస్తులే గానీ, క్లచ్చి మీద కాలు తియ్యని అలవాటుంది. అది చూసుకుని తీసుకోండి" అనేవాడు. కొనేవాడు నవ్వితే, "పిల్లనిచ్చేటప్పుడు పుట్టిల్లు చెప్పమా? ఇనుముకి మాత్రం అమ్మానాన్నా ఉండరా?" అని అడిగేవాడు. పుట్టిల్లు తెలియని సామాను ఆయన గడప దాటేది కాదు. ఎమర్జెన్సీ రోజుల్లో రెండు షెడ్ల అవతల ఒకాయన ఊరూ పేరూ తెలియని గేర్‌బాక్సు కొన్నందుకు పోలీసులొచ్చి తీసుకుపోయారు. ఆ షెడ్డు తలుపు మళ్లీ తెరుచుకోలేదు. మూసిన ఆ తలుపు ముందు నుంచి రోజూ నడిచి వెళ్లేవాడు బాలశౌరి.

దివిసీమ ఉప్పెన వచ్చి వెళ్లాక ఆయన అనుమానానికి కొత్త కొమ్మ మొలిచింది. నీట మునిగిన బండ్ల సామాను కడిగి, కిరసనాయిలు పూసి, తళతళలాడించి ఆటోనగర్‌కి తెచ్చేవాళ్లు కొందరు. అలాంటిది కొనడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. ఉప్పు లోపల్లోపలే తినేస్తుందన్నది ఒక భయం. ఏ చనిపోయినవాడి బండిదోనన్నది ఇంకో భయం. అందుకని బాలశౌరి ఏ సామాను వచ్చినా ముందు నాలిక చివరకి తాకించి చూసేవాడు. పక్క షెడ్డు వెల్డింగు రత్తయ్య అది చూసి, "ఏం శౌరీ, అమలమ్మగారు కూరలో ఉప్పు వెయ్యడం మానేశారా?" అని కేకేసేవాడు.

ఆ మరుసటి ఏడు ఎండలు ముదిరినప్పుడు గంగారత్నం వచ్చింది.

నెత్తి మీద చేపల గంప, పైన తడి గోనెపట్టా. షెడ్డు ముందు దించి చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమ్మా, చేపల మార్కెట్టు ఇటు కాదు" అన్నాడు బాలశౌరి.

"చేపలు కాదు బాబూ, బండి సామాను. పాతవి కొనేది నువ్వేనంటగా."

గోనె తీసింది. జంట కార్బురేటర్లు, నున్నగా అరగదీసిన గొట్టాలు, ఒక కామ్‌షాఫ్టు, వాటన్నిటి మధ్య ముడుచుకు పడుకున్న పెద్ద నత్తలాంటి ఇనుప వస్తువు.

రత్తయ్య వెల్డింగు కళ్లద్దాలు నుదుటికెత్తుకుని వచ్చాడు. "ఇదేంటి శౌరీ, సముద్రంలో ఇనుప నత్తలు కూడా పడుతున్నాయా?"

బాలశౌరికి అదేమిటో తెలుసు. పెద్ద డీజిలు జనరేటర్లకి ఉండగా చూశాడు. టర్బో అంటారు. ఇంజను వదిలే పొగ ఒక చిన్న పంకాని తిప్పితే, అదే ఇరుసు రెండో కొసన ఉన్న పంకా బయటి గాలిని లాగి ఇంజన్లోకి కుక్కుతుంది. ఆ గాలికి తగ్గట్టు పెట్రోలు పోస్తే బండికి పూనకం వచ్చినట్టే. కారుకి అది బిగించినవాణ్ణి మాత్రం ఆయన ఇంతవరకూ ఎరగడు.

"ఎవరిదమ్మా ఇది?"

"మాదే. నాగాయలంక దాటాక మా పాలెం. మా ఆయన పేరు పేరయ్య."

"చేపలు పట్టేవాళ్లకి ఇదెందుకు?"

గంగారత్నం నింపాదిగానే చెప్పింది. అవనిగడ్డ దగ్గర రైసుమిల్లు వాళ్లబ్బాయి వెంకటకృష్ణారావు మద్రాసు రేసుల కోసం పాత ఫియట్‌కి ఇవన్నీ పైదేశం నుంచి తెప్పించి బిగించుకున్నాడు. ఒకసారి పంటకాలవలో బోల్తా పడేసరికి సరదా తీరి అమ్మకానికి పెట్టాడు. పేరయ్య పడవలో తన వాటా అమ్మి దాన్ని కొన్నాడు. రొయ్యలు ఐసు కరిగేలోగా బెజవాడ స్టేషనుకి చేర్చి, మద్రాసు మెయిలుకి ఎక్కించాలి. లారీలు ఊళ్లన్నీ ఆగుతూ వచ్చేసరికి సగం సరుకు మెత్తబడేది. ఈ బండి వెనకసీటులో గంపలు కూర్చుని దొరసానుల్లా వచ్చేవి. నత్తలో గాలి తిరిగితే సన్నగా ఈల వినబడేది. కరకట్ట పొడుగునా పిల్లలు ఈలబండి అని అరుచుకుంటూ వెంటపడేవాళ్లు.

బాలశౌరి నత్తని ఎత్తి నాలికకి తాకించాడు. ఉప్పన.

"ఉప్పెన సామాను కదూ ఇది?"

"రొయ్యల బండి ఉప్పగా ఉండక బెల్లంలా ఉంటుందేంటి బాబూ?" అంది గంగారత్నం. రత్తయ్య పగలబడి నవ్వాడు.

బాలశౌరి నవ్వలేదు. ఆమె మెడలో పసుపుతాడు ఉంది, నుదుట బొట్టుంది. ఉన్న మొగుడు రాకుండా ఈమె ఎందుకొచ్చింది? "మీ ఆయన రాలేదేం?"

ఆమె గోనెపట్టా మడత పెట్టింది. మళ్లీ విప్పి మడత పెట్టింది. "ఒంట్లో బాగుండటం లేదు."

"కారు మొత్తం అమ్మకుండా ఈ నాలుగు వస్తువులే ఎందుకు విప్పినట్టు?"

"కారు కావాలి. ఇవి వద్దు."

పరీక్షకని బాలశౌరి ఒక ధర అన్నాడు. రత్తయ్యే నోరెళ్లబెట్టేంత తక్కువ ధర. గంగారత్నం "సరే, నీ ఇష్టం" అంది.

అదీ ఆయన గుండెలో గుచ్చుకున్నది. చేపలమ్మే మనిషి బేరమాడకపోవడమంటే కృష్ణ వెనక్కి పారడమే. పైగా వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అంది. "డబ్బులు ఎప్పుడైనా ఇవ్వు బాబూ. సామాను మాత్రం తిరిగిచ్చెయ్యొద్దు."

ఆ సామాను మీద టార్పాలిన్ కప్పాడు. అనుమానం ఆ టార్పాలిన్ కింద పడుకుంది గానీ ఆయన మాత్రం పడుకోలేకపోయాడు. దొంగసొత్తా? మొగుడికి తెలియకుండా తెచ్చిందా? అసలా మొగుడున్నాడా? ఉప్పెనలో బండితో పాటు పోతే, తాడు తీయకుండా తిరుగుతోందా? మూసిన ఆ షెడ్డు తలుపు కళ్లముందు మెదిలింది. పుట్టిల్లు తెలియని సామాను ఇన్నేళ్లలో మొదటిసారి తన రేకుల కింద ఉంది.

అమలమ్మ అన్నం పెడుతూ, "ఇంత మథనపడే బదులు బస్సెక్కి చూసి రావచ్చుగా! పిల్లని తెచ్చుకున్నాక పుట్టిల్లు ఆరా తీసినట్టుంటుంది" అంది. వేళాకోళానికే అన్నది. ఆయన మర్నాడే బస్సెక్కాడు.

పులిగడ్డ దాటినప్పటి నుంచి తాటిచెట్లకి తలల్లేవు. బస్సులో ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు. పాలెంలో కొత్త పాకలు ఇంకా పచ్చిగడ్డి వాసన వేస్తున్నాయి. ఈలబండి ఏదని అడగనక్కర్లేకపోయింది. చివరి పాక ముందు, ఇసుకలో, మూతి బెజవాడ వైపు పెట్టి నిలబడి ఉంది నల్ల ఫియట్. లోపల స్టీరింగు ముందు ఒక మనిషి కూర్చున్నాడు. బండి నడవడం లేదు. ఆయన అద్దంలోంచి వెనక ఉన్న సముద్రం మీది ఆకాశాన్ని చూస్తున్నాడు. మేఘం లేదు. అయినా చూస్తున్నాడు.

ఎండుచేపలు తిరగేస్తున్న గంగారత్నం బాలశౌరిని గుర్తుపట్టి గబగబా వచ్చి, పాక వెనక్కి తీసుకుపోయింది.

"నమ్మకం లేక వచ్చావు కదూ?"

"లేకే వచ్చానమ్మా" అన్నాడు. దాచుకోవడం ఆయనకి చేతకాదు.

"సరే, అయితే విను. ఆ పూట గాలి తీరు చూసి మా ఆయన నన్నూ, పిల్లల్నీ, ఇరుగుపొరుగు పిల్లల్నీ బండిలో కుక్కి ఉయ్యూరు దాకా ఒక్క గుక్కలో తెచ్చేశాడు. మమ్మల్ని దించి, వాళ్లమ్మ కోసం, తమ్ముడి కోసం వెనక్కి తిరిగాడు. పులిగడ్డ దగ్గర చెట్లు పడిపోయాయి. అవతలికి పోలేకపోయాడు. తెల్లారి పోయేసరికి ఇక్కడ..." ఆమె చేత్తో ఇసుక చూపించింది. "ఆ నత్త లేకపోతే మేమూ లేం బాబూ. ఆ మాట కాదంటే కళ్లు పోతాయి. కానీ అప్పట్నించి మబ్బు పడితే చాలు, పిల్లల్ని బండిలో వేసుకుని కరకట్ట ఎక్కేస్తాడు. ఈల మోగుతూ ఉండాలి, చెట్లు వెనక్కి పోతూ ఉండాలి. మొన్న చైత్రంలో మలుపు దగ్గర ముందు చక్రం గట్టు దాటి గాల్లో ఆగింది. కింద కృష్ణ. సముద్రం వదిలేసిన పిల్లల్ని తీసుకుపోయి ఏట్లో పెట్టబోయాడు."

"బండే అమ్మేస్తే?"

"బండి లేకపోతే ఆ మనిషి బతకడు. పారిపోవడానికి ఒకటుందన్న ధైర్యం మీదే ముద్ద దిగుతోంది. అందుకే బండి ఉంచి పరుగు మాత్రం తీయించాను. అవనిగడ్డలో లాజరు అని మెకానిక్. పాత సామానే మళ్లీ బిగించి, నత్త పగిలిపోయింది, ఏట్లో పారేశానని మా ఆయనతో చెప్పాడు. నమ్మాడో లేదో తెలీదు. అది ఎక్కడుందో తెలిస్తే తెచ్చి బిగించుకుంటాడు."

బాలశౌరి నెమ్మదిగా అన్నాడు. "నేను పుట్టిల్లు చెప్పి అమ్మేవాణ్ణమ్మా."

"చెప్పుకో. మా ఆయనకి మాత్రం చెప్పకు."

"ఆయనే వచ్చి అడిగితే?"

"అబద్ధం చెప్పు."

"సామాను విషయంలో ఇంతవరకూ చెప్పలేదు."

"ఇంతవరకూ నీ పిల్లలు కరకట్ట మీద వేలాడలేదు" అంది గంగారత్నం. తిరుగు బస్సులో బాలశౌరి కిటికీ పక్కన కూర్చుని, ఆ మలుపు వచ్చినప్పుడు లేచి నిలబడి కిందికి చూశాడు. కండక్టరు కూర్చోమన్నాడు.

ఆమెకి మొదట చెప్పిన ధర కాక న్యాయమైన ధరే పంపించాడు. నత్తని షెడ్డులో ఒక కొక్కేనికి తగిలించాడు. కార్బురేటర్లూ కామ్‌షాఫ్టూ కొనడానికి ఒక టాక్సీ ఓనరు వస్తే, అలవాటు కొద్దీ నోరు జారాడు. "నాగాయలంక పేరయ్య ఈలబండివండీ. పైదేశం సరుకు. రొయ్యల ఉప్పు తప్ప వంక లేదు." చెప్పాక నాలిక కరుచుకున్నాడు. తను అబద్ధం చెప్పలేదన్న గర్వం ఒక పక్క, పుట్టిల్లు కాళ్లొచ్చి నడుచుకుంటూ పోతుందేమోనన్న గుబులు ఇంకో పక్క. టాక్సీ వాళ్లకీ లారీ వాళ్లకీ ఒకటే టీ కొట్టు. ఆ టీ కొట్టు మాట సముద్రం దాకా పోవడానికి ఎంతసేపు?

నల్ల ఫియట్ ఒక ఉదయం డగడగమంటూ, ఈల లేకుండా ఆటోనగర్‌లోకి వచ్చింది. దిగిన మనిషి చొక్కా ఉతికినదే గానీ బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడు. బాలశౌరి లేచి నత్త మీద గోనె వెయ్యబోయాడు. అప్పటికే ఆలస్యమైంది. పేరయ్య సూటిగా కొక్కెం దగ్గరకి వెళ్లి నిలబడ్డాడు.

"ఇదెక్కడిదండీ?"

ఆటోనగర్‌లో ఆ ప్రశ్నకి బాలశౌరి తడుముకోవడం ఎవరూ చూడలేదు. అవతల రత్తయ్య వెల్డింగు ఆపి తల తిప్పాడు.

"గుంటూరు వైపుదండీ" అన్నాడు బాలశౌరి. "పొగాకు కంపెనీ వాళ్ల బండిది."

పేరయ్య నత్తని కొక్కెం మీంచి దించాడు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు మోచేతి వంపులో పెట్టుకుని, వేలితో పంకాని తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరిగింది. మూతి అంచు కింద గోరు పెట్టి ఏదో గీకి, అరచేతిలో వేసుకుని చూపించాడు. ఎండి, అద్దం ముక్కలా మెరుస్తున్న పెద్ద చేప పొలుసు.

"పొగాకు కంపెనీ వాళ్లు పండుగొప్పలు కూడా పండిస్తున్నారా అండీ?"

బాలశౌరి మొహం కాలిన రేకులా ఎర్రబడింది. ఇప్పుడు గొడవ అవుతుంది, ఎత్తుకుపోతాడు, లేకపోతే ఇంటికి పోయి ఆమెని కొడతాడు. చెయ్యి తెలియకుండానే స్పానరు మీదకి పోయింది.

పేరయ్య నత్తని మళ్లీ కొక్కేనికి తగిలించాడు. "మా ఇంటిది తెచ్చిందని తెలుసండీ. బండి ఈల ఆగిన పూటే తెలిసింది. లాజరు మొహం చూస్తే ఇంకా తెలిసింది."

"మరి ఎందుకొచ్చారు?"

"ఇంట్లోనే దాచిందేమోనని పాక చూరు, గడ్డివామి, ఎండుచేపల గంపలు అన్నీ వెతికానండీ. దొరికితే బిగించేస్తాను. బిగిస్తే తోలతాను. ఆ సంగతి నాకు తెలుసు." ఆయన చేతులు తుడుచుకున్నాడు, వాటికేం అంటుకోకపోయినా. "మీ దగ్గరుందని టాక్సీ వాళ్లు చెప్పారు. కళ్లతో చూసుకుంటే వెతకడమన్నా మానేస్తానని వచ్చాను."

బాలశౌరి స్పానరు వదిలాడు. వెతుక్కుని వెతుక్కుని ఒక మాట అన్నాడు. "నేను చెప్పింది అబద్ధమేనండీ."

"అదే ఉంచండి."

"ఆఁ?"

"ఆ గుంటూరు మాటే ఉంచండి. గాలి లేచినప్పుడు నేను మళ్లీ వస్తాను. కాళ్లు పట్టుకుంటాను, తిడతాను, డబ్బులు విసిరికొడతాను. అప్పుడు నేను చెప్పేది వినకండి. గుంటూరుది, పొగాకు వాళ్లదని ఇప్పటిలాగే చెప్పండి." ఫియట్ తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. "మా ఇంటిదానికి నేనొచ్చినట్టు చెప్పకండి. నాకు తెలియదనుకునే అది ధైర్యంగా ఉంది."

బండి వెళ్లాక రత్తయ్య వచ్చి కొక్కేన్నీ, బాలశౌరినీ మార్చి మార్చి చూశాడు. "గుంటూరెప్పుడెళ్లావు శౌరీ?" అన్నాడు. బాలశౌరి స్పానరు తీసుకుని లోపలికి పోయాడు.

ఆ తర్వాత నత్త కోసం వచ్చినవాళ్లకి వింత అనుభవమే ఎదురయ్యేది. పుట్టిల్లు వాళ్లడగకముందే ఆయనే వాళ్లని అడిగేవాడు. "మీదే ఊరండీ? సముద్రానికి ఎంత దూరం? బండి ఏ రోడ్డు మీద తిరుగుతుంది?" హైదరాబాదు నుంచి వచ్చిన ఒక షోకిలా కుర్రాడు విసిగిపోయి, "పెళ్లి సంబంధమా ఇది?" అన్నాడు. అలాంటిదేనన్నాడు బాలశౌరి. కుర్రాడు అనుమానపడి వెళ్లిపోయాడు. నత్త కొక్కెం మీదే ఉంది.

మరుసటి వేసవిలో తుఫాను కబురు రేడియోలో మొదలయ్యేసరికి ఆటోనగర్ రేకులన్నీ దడదడలాడుతున్నాయి. మధ్యాహ్నానికే దీపాలు పెట్టే వెలుగు. నల్ల ఫియట్ వచ్చి షెడ్డు ముందు ఆగింది. వెనకసీటు నిండా పిల్లలు, వాళ్ల మధ్య గంగారత్నం. పేరయ్య వానలోనే దిగి పరిగెత్తుకొచ్చాడు. కళ్లు వేరే మనిషివిలా ఉన్నాయి.

"శౌరిగారూ, అది ఇచ్చెయ్యండి. ఇంకా పైకి పోవాలి. నందిగామ, ఇంకా పైకి. ఈ బండి చాలదు. ఆ నత్త నాదండీ!"

బండిలోంచి గంగారత్నం బిగుసుకుపోయి చూస్తోంది. బాలశౌరికి ఇద్దరి మాటలూ గుర్తున్నాయి. ఆమె అడిగింది పేరయ్యకి తెలుసు. పేరయ్య అడిగింది ఆమెకి తెలియదు.

"అది మీది కాదండీ" అన్నాడు. "గుంటూరు వైపుది. పొగాకు కంపెనీ వాళ్లది."

పేరయ్య తిట్టాడు. బాలశౌరి తల్లినీ, వ్యాపారాన్నీ, ఆయన మతాన్నీ తిట్టాడు. తర్వాత కాళ్ల మీద పడ్డాడు. "ఎక్కడిదండీ అది? నిజం చెప్పండి, ఎక్కడిది?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. అడిగినప్పుడల్లా బాలశౌరి గుంటూరే చెప్పాడు. ఒక్కసారీ మాట తడబడలేదు.

చివరికి పేరయ్య నేల మీద కూలబడ్డాడు. అప్పుడు బాలశౌరి ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పేరయ్యగారూ, ఒక్కటి చూసుకోండి. నత్త లేకుండానే వచ్చారు. పిల్లలంతా వచ్చారు. ఇక్కడ్నించి సముద్రం బాగా దూరం" అన్నాడు.

పేరయ్య తల తిప్పి కారు వైపు చూశాడు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నారు.

వాళ్లని భవానీపురంలో తన ఇంటికి తీసుకెళ్లేసరికి అమలమ్మ గుమ్మంలో నిలబడి అందర్నీ పైనుంచి కిందికి చూసింది. "ఏవండీ, వీళ్ల పుట్టిల్లు ఎక్కడో కనుక్కున్నారా?" అని మొగుడి చెవిలో వేళాకోళమాడి, పెద్ద గిన్నె పొయ్యి మీదకి ఎక్కించింది. గాలి తగ్గేదాకా వాళ్లు అక్కడే ఉన్నారు. తిరిగి వెళ్లేటప్పుడు బండి నిదానంగా, డగడగమంటూ కరకట్ట దారి పట్టింది.

ఆ ఆదివారం బాలశౌరి గుణదల వెళ్లి మోకరించాడు. సామాను విషయంలో అబద్ధమాడానన్నాడు. ఎన్నిసార్లని తెర అవతల నుంచి ప్రశ్న వచ్చింది. లెక్కపెట్టలేదన్నాడు. మళ్లీ చెయ్యనని దేవుడికి మాటిచ్చి ప్రార్థన చెప్పుకోమన్నారు ఫాదర్‌గారు.

"ఆ మాట ఇవ్వలేనండీ ఫాదర్‌గారూ. గాలి లేస్తే మళ్లీ చెప్పాలి" అన్నాడు బాలశౌరి.

తెర అవతల చప్పుడు లేదు. చాలాసేపు లేదు. కునుకు పట్టిందేమోనని అనుమానమొచ్చి ఆయన దగ్గాడు.

"మెలకువగానే ఉన్నాను శౌరీ" అన్నారు ఫాదర్‌గారు. "ఆలోచిస్తున్నాను."